నరసాపురం లేసూ, ఒక ఇంగ్లీషు తిట్టూ

రాజమండ్రిలో కూర్చుని స్పానిష్ నేర్చుకుని ఎవర్ని ఉద్ధరిస్తావే అని మా పిన్ని ఎప్పుడూ దెప్పుతుంది. పోయిన నెల ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. స్పెయిన్‌లో చిన్న దుకాణం నడిపే, ఇంగ్లీషు రాని ఇనేస్ అనే ఆవిడ నరసాపురం లేసు కొనడానికి వచ్చింది. పనివాళ్లను చులకన చేసేచోట సరుకు కొనకూడదన్నది ఆవిడ నియమం. అందుకే వ్యాపారి తరఫు మనిషిని వద్దని, నన్ను దుబాసీగా పెట్టుకుంది.

పొద్దున్నే కారులో బయలుదేరాం. రావులపాలెంలో అరటిగెలల లారీల మధ్య కాసేపు ఇరుక్కుని, సిద్ధాంతం, పాలకొల్లు మీదుగా పదిన్నరకు నరసాపురం చేరాం. కారుకు రానూపోనూ మూడున్నర వేలు. ఖర్చు తగ్గాలంటే నిడదవోలు మీదుగా రైలుంది, కానీ దాని వేళలు మన వేళలు కావు.

లేసు పని ఓ రిటైరైన టీచరుగారి వరండాలో, ఆవిడ చేతికింద జరుగుతోంది. ఆడవాళ్లు ఇంటి దగ్గర తలా కొన్ని పువ్వులు అల్లి తెస్తారు. వాటిని కలిపి బల్లగుడ్డగా చేయడాన్ని అతుకుపని అంటారు. అది అందరికీ రాదు. రత్నం అనే ఆవిడ అతికితే ఎక్కడ కలిసిందో కనిపించడం లేదు. ఇనేస్ మురిసిపోయి ఫొటో తీస్తుండగా రత్నం ఒక కుట్టు విప్పి మళ్లీ వేసింది. అంతే, "యూజ్‌లెస్ ఫెలో! కళ్లెక్కడ పెట్టుకున్నావ్?" అన్నారు టీచరుగారు.

ఇనేస్ ఫోను దించి, ఏమందని అడిగింది. మన బళ్లలో ఆ తిట్టు తినకుండా ఎవరైనా పెద్దయ్యారా? స్పానిష్‌లో దానికి సరిపడే మాట 'ఇనూతిల్', పనికిమాలినదానా అని. మొహం మీద అంటే గట్టిగానే తగులుతుంది. త్వరగా కానివ్వమంటున్నారని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ వరండాలో ఉన్న ఆడవాళ్లందరి ఏడాది పనీ నా జవాబు మీద ఉంది. కానీ నన్ను నమ్మి తెచ్చుకున్న మనిషి. ఇనూతిల్ అనే చెప్పాను.

ఆవిడ బల్లగుడ్డను మడిచి పక్కన పెట్టి, బాధ అనిపించలేదా అని రత్నాన్ని అడగమంది. అడిగాను.

"అయ్యో, టీచరుగారు తిట్టకపోతేనే భయమండి!" అని రత్నం నవ్వింది. అందరూ నవ్వారు. ఇనేస్ నవ్వలేదు.

రత్నం ఇల్లు గోదావరి అవతల సఖినేటిపల్లిలో. టీచరుగారు లేనిచోట మాట్లాడదామని ఇనేస్ అంటే, భోజనాలయ్యాక ఆవిడతోపాటే మేమూ రేవులో పంటు ఎక్కాం. మనుషుల్నీ బళ్లనూ దాటించే ఆ పెద్ద పడవకు టికెట్టు చిల్లర డబ్బులే. నది మధ్యకు వచ్చాక రత్నం నా పక్కకు జరిగింది.

"నిజం చెబితే ఆర్డరు పోద్దాండి?"

నాకు తెలియదన్నాను.

"ఇన్నేళ్లూ అది టీచరుగారి ఊతపదం అనుకున్నానండి. మొన్న మా అమ్మాయి అర్థం చెప్పింది. అప్పట్నుంచి ఆ మాట వినబడితే చెయ్యి ఆడట్లేదండి."

ఆవిడకు చెప్పనా అంటే తలూపింది. ఇనేస్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. కొనకపోతే నష్టం రత్నానికేనని ఇనేస్, ఆర్డరు ఇస్తాననీ, ఇకమీద ఎవరినీ ఆ మాట అనకూడదనీ అంది.

తిరుగు పంటులో వచ్చి టీచరుగారికి ఆ షరతు చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

"రత్నమంత పనిమంతురాలు నా దగ్గర ఇంకోతి లేదమ్మా."

"ఆ మాట ఆవిడతో అన్నారాండి?"

"మొహం మీద మెచ్చుకుంటే చెడిపోరూ?"

ఆ వెంటనే తనే ఫోన్ చేశారు. "రత్నం, రేపు పెందలాడే రా. కొత్త ఆర్డరు నువ్వే మొదలెట్టాలి" అని పెట్టేశారు. ఏమందని ఇనేస్ మళ్లీ అడిగింది. రత్నంతో నీ అంత పనిమంతురాలు లేదన్నారని చెప్పాను.

తిట్టును తు.చ. తప్పకుండా చెప్పినదాన్ని, మెప్పు దగ్గర మాత్రం కల్పించాను. కానీ టీచరుగారి నోట అంతకంటే పెద్ద మెప్పు రాదని వరండాలో ఎవర్నడిగినా చెబుతారు. రత్నానికి అది మెప్పులా వినబడిందో లేదో నాకు తెలియదు. ఆ బెంగ ఇంకా ఉంది.

మీరు వెళ్లేటట్టయితే మధ్యాహ్నంలోపు వెళ్లండి, తర్వాత ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. పని నచ్చితే చేసినవాళ్ల పేరడిగి వాళ్లతోనే చెప్పండి. టీచరుగారు చెబుతారులే అనుకోకండి.