రాఘవమ్మ అనే మొక్క

అర్ధవీడు రాఘవమ్మకు ఇరవై మేకలు, నోటినిండా మాటలు తప్ప వేరే ఆస్తి లేదు. మేకల్ని నల్లమల అంచున మేపుకునేది. ఆ అడవికి సర్కారు వచ్చి రిజర్వు అని పేరు పెట్టింది. చీటీ లేనిదే మేకలు లోపలికి రాకూడదట, మొక్క పీకితే జరిమానాయట! ఊరంతా టముకు వేయించిన ఘనుడు ఫారెస్టు గార్డు నరసింహులు. చిన్నప్పుడు ఆమె మేకల పాలు తాగి పెరిగినవాడే.

ఆ ఏడు వానలు పడ్డాక మద్రాసు నుంచి ఒక గుమాస్తా దిగాడు. చిన్న చిన్న అడవిపూల మొక్కల్ని కాగితాల మధ్య అణిచి ఎండబెట్టి, పక్కన వివరం రాసి మద్రాసులోని తన పై దొరకు పంపడం ఆయనగారి ఉద్యోగం. మరి అడవి ఎక్కాలి కదా? అబ్బే, బూట్లు పాడైపోవూ! చావడిలో పడక్కుర్చీ వేయించుకుని రాఘవమ్మను పిలిపించాడు.

"ఏయ్ మేకలదానా, రోజూ మొక్కలు తెచ్చివ్వు. నీ పేరు సర్కారు కాగితంలో ఎక్కిస్తాను. అది చూపిస్తే గార్డు నీ మేకల జోలికి రాడు."

పాపం, నమ్మింది. నెల రోజులు రాళ్ల సందుల్లో నడుం వంచి, గోరంత పువ్వు పూసే మొక్కల్ని వేళ్లతో సహా తీసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. సర్కారు పనే గనక గార్డూ అడ్డు పడలేదు. ఆ మహానుభావుడు తలైనా ఎత్తేవాడు కాదు. "పేరు?" అనేవాడు. ఆమె మొక్క పేరు చెప్పేది, ఆయన రాసుకునేవాడు.

చివరి రోజు నీలిపువ్వుల మొక్క ఒకటి తెచ్చింది. "దీనికి మేకలు మూతి గూడా పెట్టవు సామీ" అంది. గుమాస్తా రాసుకుని, "పేరు?" అన్నాడు.

ఆ మొక్కకు పేరే లేదు. మేకలు ముట్టని దానికి పేరెవరు పెడతారు? అందుకని తన పేరే అడుగుతున్నాడనుకుంది. ఇన్నాళ్లకు గుర్తొచ్చిందిరా నాయనా అనుకుని, గొంతు సవరించుకుని చెప్పింది.

"రాఘవమ్మ."

రాశాడు, ముద్ర గుద్దాడు, ఒక ప్రతి ఆమె చేతిలో పడేసి బండెక్కాడు.

మర్నాడు మేకల్ని అడవిలోకి తోలుతుంటే నరసింహులు కర్ర అడ్డం పెట్టాడు. ఆమె దర్జాగా కొంగుముడి విప్పి కాగితం చూపించింది. అతడు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏందత్తా ఇది? తెచ్చింది గుమాస్తా అని ఉంది. మొక్క పేరేమో రాఘవమ్మంట! మేకలు ముట్టవంట! ఆ పెద్దమనిషి నిన్ను మొక్కల్లో కలిపి పోయినాడు. తోలుకొని పో, లేకుంటే మేకల్ని బందెలదొడ్డికి తోలుతా."

రాఘవమ్మకు ఒళ్లు మండిపోయింది. నెల రోజుల చాకిరీ అంతా బూడిదైందని ఏడుపూ వచ్చింది. మద్రాసు దిక్కుకు తిరిగి తుపుక్కున ఉమ్మింది.

"థూ! ఎదురుగా మనిషి నిలబడినా మొక్కే కనపడిందా సచ్చినోనికి!"

తర్వాత గార్డును కిందా మీదా చూసి, నేరుగా అడవి లోపలికి నడిచి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మేకలు ఆమె వెనకే వెళ్లాయి.

"సర్కారు ముద్ర ఉందా లేదా రా?"

"ఉంది."

"నేను ఈ అడివి మొక్కనని రాసిందా లేదా?"

నరసింహులు కాగితాన్ని ఇంకోసారి కూడబలుక్కుని చదివాడు.

"మొక్క పీకితే జరిమానా అని టముకేయించింది నువ్వే గదరా. ఏదీ, పీకు చూస్తా!"