భీమన్న కారుకు పొట్టి కడ్డీ

గద్వాల కోట దర్వాజ ముందు, ఒక పెండ్లి ఊరేగింపులో, భీమన్న ఎదురుమాట అనకుండా గొడవ గెలిచాడు. జోగులమ్మ ఆ గొడవను మొదటి నుంచి చివరిదాకా నిలబడి చూసింది. నోరున్నవాళ్ళు గెలవడం ఆమెకు కొత్త కాదు. ఆమె గెలిచిన గొడవలు నేతవాళ్ళ వీధంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. నోరు లేనివాడు గెలవడం మాత్రం ఆమె చూడటం అదే మొదలు.

అవతలివాడు బ్యాండు ప్రభుదాసు. పెండ్లికొడుకు కారు ముందు నడిచే బ్యాండు అతనిది. నాలుగడుగులు వేస్తే ఆగుతాడు, బాకా ఎత్తుతాడు, ఎవరో ఒకరు వచ్చి ఎగిరేదాకా కదలడు. వెనక భీమన్న అంబాసిడర్ ఆ నత్తనడకకు ఉడికిపోయి బానెట్టు సందుల్లోంచి ఆవిరి కక్కుతోంది.

"దాసన్నా, జర కదులు. ఇంజను కాలుతుంది," అన్నాడు భీమన్న కిటికీలోంచి.

"కాలితే నీళ్ళు పొయ్యి. బ్యాండు లేకుంట ఉత్త కారు పోతే దాన్ని పెండ్లంటరా భీమన్నా? దవాఖానకు తీస్కపోతున్నరు అనుకుంటరు."

జనం నవ్వారు. భీమన్న చెయ్యి చాపి రేడియో మీట తిప్పాడు. కారు కుడి మడ్గార్డు మీద నున్నటి చిన్న బొడిపె ఒకటి ఉంటుంది. దాంట్లోంచి సుయ్యిమంటూ వెండిలా మెరిసే ఏరియల్ కడ్డీ లేచింది. గొట్టంలోంచి గొట్టం, అందులోంచి ఇంకో సన్న గొట్టం, మనిషి తల దాటేదాకా లేచి నిలబడింది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ లాగలేదు. రేడియోలో ఎవరో వేరుశనగ తెగులుకు ఏ మందు కొట్టాలో చెబుతున్నాడు. అది ఎవరు వింటారు? బ్యాండు చుట్టూ ఉన్న జనమంతా వచ్చి కారు చుట్టూ మూగారు. భీమన్న మీట ఇటు తిప్పితే కడ్డీ దిగింది, అటు తిప్పితే లేచింది. ప్రభుదాసు కాసేపు ఖాళీ వీధికి వాయించి, బాకా చంకలో పెట్టుకొని వచ్చాడు.

"సరె, నడువు," అన్నాడు.

ఆ భీమన్నది జోగులమ్మ ఎదురిల్లే. చిన్నప్పుడే తండ్రి మగ్గం గుంతలో కూర్చోబెడితే, కాలి కింద పలకను లారీ బ్రేకులా తొక్కుతూ నోటితో హారను కొట్టేవాడు. వాడు నేసిన మొదటి చీరకు ఒక అంచు వనపర్తి దిక్కు, ఇంకో అంచు రాయచూరు దిక్కు పోయిందని జోగులమ్మ అంటుంది. ఆ చీరను తండ్రి ఎవరికీ చూపలేదు. భీమన్న పత్తిగింజల లారీ మీద క్లీనరుగా పోయాడు, డ్రైవరయ్యాడు, చివరికి పాత అంబాసిడర్ ఒకటి సొంతం చేసుకున్నాడు. హైదరాబాదులో విప్పి పారేసిన ఫారిన్ కారుది ఆ లేచే కడ్డీ. దాన్ని గుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చి బిగింపించుకున్నాడు. ఆనాటి నుంచి వీధిలో వాడి నడకే మారింది. పొద్దున్నే కారుకు అగరుబత్తి. తుడవడానికి పాత పట్టుగుడ్డ. చెప్పులు బయట విడిచి దండం పెట్టందే స్టీరింగు పట్టడు. పెండ్లి పెట్టుకున్నవాళ్ళు భీమన్న పేరు అడగరు, "లేచే కడ్డీ కారు ఎవరిది" అని అడుగుతారు.

పాన్‌గల్ నుంచి వచ్చిన సత్తయ్య కూడా అట్లాగే అడుక్కుంటూ వచ్చాడు. కార్తీకంలో కొడుకు పెండ్లి.

"పిల్లగాడు కూసోంగనే కడ్డీ లెవ్వాలె. ఆడపిల్లోళ్ళకు మాటిచ్చిన," అన్నాడు.

"లేస్తది," అన్నాడు భీమన్న. అంతకన్నా పెద్ద మాట అతని నోట్లోంచి రాదు, వచ్చిన మాట వెనక్కి పోదు. అదే పెండ్లికి సత్తయ్య పట్టుచీర జోగులమ్మ ఇంట్లో నేయించుకున్నాడు. బ్యాండు ప్రభుదాసుది.

అంతా బాగానే ఉంది. ఈలోపు దసరా వచ్చింది.

దసరానాడు గద్వాలలో మగ్గానికి, తక్కెడకు, కుట్టుమిషనుకు, దేనికైనా బొట్టు పడాల్సిందే. భీమన్న కారు కడిగి, కడ్డీ నిలువునా లేపి పెట్టాడు. భార్య అలివేలు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. అందరిలా చూసి ఊరుకుంటే జోగులమ్మ ఎందుకవుతుంది?

"ఊరోళ్ళ కండ్లన్ని దీని మీదనే. దీనికో కంకణం లేకపాయె," అని ఇంట్లోకి పోయి పసుపుదారం తెచ్చింది. మామిడాకు పెట్టి, కడ్డీ నడుముకు గట్టిగా ముడివేసింది.

ఇంకో ఇంటి ఆడమనిషి అయితే నూలుదారం కట్టేది. నేతింట్లో చేతికందేది పట్టు. చీర అంచుకు పోగా మిగిలిన పట్టుపోగుల్ని పేటలు పేటలుగా పేని, పసుపులో ముంచి తెచ్చింది ఆమె. నూలైతే పుటుక్కున తెగేది, కథ అక్కడికి అయిపోయేది.

పూజయ్యాక భీమన్న రేడియో కట్టేశాడు. కడ్డీ నడుము దాకా దిగి ఆగింది. కంకణం, దాని వెంట మామిడాకు, గొట్టం మూతిలో ఇరుక్కున్నాయి. లోపలున్న మోటారుకు దసరా ఏం తెలుసు, కంకణం ఏం తెలుసు? అది లాగుతూనే ఉంది. కరకర, కరకరమని, ఆఖరికి టప్పుమంది. ఆ తర్వాత చప్పుడే లేదు. కడ్డీ గాలికి విరిగిన జొన్నదంటులా పక్కకు వాలింది.

భీమన్న దారం వైపు చూశాడు. తర్వాత జోగులమ్మ వైపు చూశాడు.

"నా దిక్కు ఏం జూస్తవురా? నా దారం తెగిందా? చూడు, ఒక్క పోగు లేవలె. నీ కడ్డీలనే పస లేదు," అన్నది జోగులమ్మ.

భీమన్న కారు మీద పరదా కప్పాడు. అడిగినవాళ్ళకు ఇంజను పని అని చెప్పాడు. అన్నం ముందు కూర్చొని గోడ చూసేవాడని అలివేలు చెప్పింది. చూడగా చూడగా పెండ్లి రేపనగా, ఇక తప్పక, రాయచూరు రోడ్డులో మెకానిక్కు మౌలాలి షెడ్డుకు కారు తోలుకుపోయాడు. చీర పట్టుకొని పాన్‌గల్‌కు తనూ రావాలి కాబట్టి, ఎన్నింటికి బయలుదేరేది అడగడానికి జోగులమ్మ అక్కడికే నడిచింది. దారిలో ఎడమకాలి హవాయి చెప్పు వారు తెగింది. దాన్ని చేతిలో పట్టుకొనే వచ్చింది.

మౌలాలి మడ్గార్డు కింద చెయ్యి పెట్టి మోటారు బయటికి లాగాడు. లోపల పండ్లున్న నైలాను తాడు తెగి ఉంది, దాన్ని తిప్పే చక్రం పండ్లు రాలి బోసిగా ఉంది.

"దీని సామాను గద్వాలల కాదు, హైదరాబాదులనే దొర్కదు భాయ్. పొట్టిది పెడత. లేవదు, దిగదు, ఇరగదు. రేడియో మంచిగనే పలుకుతది."

అతను చూపిన ఏరియల్ నల్లగా, జానెడు ఉంది. జోగులమ్మ తలవంచి చూసింది.

"ఏంది, మేక తోక లెక్కున్నది," అన్నది.

"పెద్దమ్మా, ఊకో," అన్నాడు భీమన్న. "సత్తయ్యకు లేస్తది అని చెప్పిన. రేపు అందరి ముంగట నా మాట పోతది. ఇంక నన్ను ఏ పెండ్లికి పిలుస్తరు? మళ్ళ పత్తిగింజల లారీయే నాకు."

జోగులమ్మ తెగిన చెప్పును ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

మౌలాలి మోటారు తీగలకు టేపు చుట్టి లోపలికి నెట్టాడు. పొట్టి ఏరియల్ పెట్టబోతే అది కన్నంలోంచి జారి లోపల పడింది. పాత కడ్డీ కన్నం పెద్దది, ఈ ఏరియల్ కాడ సన్నది. మధ్యలో బిగువుగా రబ్బరు బిళ్ళ ఉండాలి. ట్యూబు ముక్క పెట్టి చూస్తే పలచనైంది, టైరు ముక్క కొయ్యబోతే కత్తి దిగలేదు. మౌలాలి చుట్టూ చూశాడు. చూపు జోగులమ్మ చేతిలోని చెప్పు మడమ మీద నిలిచింది.

"వద్దు," అన్నాడు భీమన్న. "చెప్పు విడువంది నేనే బండి ఎక్కను. పెండ్లి బండికి చెప్పు ముక్క పెడతవా?"

"మరి తాడుతోని కట్టాల్నా?" అన్నాడు మౌలాలి.

"నా చెప్పుకు ఏం తక్కువరా?" అన్నది జోగులమ్మ. "జమ్ములమ్మ జాతరకు పోయొచ్చిన చెప్పు. నీ బండి ఎన్నడన్న పోయిందా?"

మౌలాలి మడమ నుంచి గుండ్రంగా బిళ్ళ కోశాడు. అది కన్నంలో ఎంత బిగువుగా కూర్చుందంటే, దాని కోసమే పుట్టినట్టుంది. భీమన్న కండ్లు మూసుకున్నాడు.

"పెద్దమ్మా, రేపు పాన్‌గల్‌ల నువ్వు నోరు తెరువొద్దు. చీర ఇయ్యి, బువ్వ తిను, కూసో."

"నేనెప్పుడన్న వట్టిగ నోరు తెరుస్తనా?" అన్నది జోగులమ్మ.

మర్నాడు పాన్‌గల్‌లో పెండ్లికొడుకు తలపాగా సర్దుకొని కారెక్కాడు. జనం కుడి మడ్గార్డు దగ్గర గుమిగూడారు. భీమన్న రేడియో మీట తిప్పాడు. పాట వచ్చింది. పొట్టిది అట్లాగే ఉంది.

ప్రభుదాసు బాకా దించి, తీరిగ్గా వచ్చి వంగి చూశాడు.

"భీమన్నా, లేపు మరి."

భీమన్న ముందు అద్దంలోంచి ఎటో చూస్తున్నాడు.

"మొక్క నాటినవా? నీళ్ళు పోస్తే పెరుగుతదేమో," అన్నాడు ప్రభుదాసు. బ్యాండువాళ్ళంతా నవ్వారు. సత్తయ్య మొహం మాడింది. అతని అక్క పెంటమ్మ, ఆ ఇంట్లో అందరికీ పెద్దది, హారతి పళ్ళెంతో ముందుకు వచ్చింది.

"ఏమయ్యా డ్రైవరూ, లేచే కడ్డీ అన్నవంట. ఏది? ఆడపిల్లోళ్ళ ముంగట మా ఇజ్జతు తీస్తవా?"

భీమన్న ఊరికే మీట ఇటూ అటూ తిప్పడం వెనక సీటులో చీర మూటతో కూర్చున్న జోగులమ్మకు కనబడింది. నోరు తెరవనని ఆమె మాట ఇవ్వలేదు, అడిగింది భీమన్నే కదా. ఆమె తలుపు తీసుకొని దిగింది.

"వదినా, నువ్వు పెద్దదానివి, నీకు నేను చెప్పాల్నా?" అన్నది పెంటమ్మతో. "లేచేది దిగక తప్పదు. పిల్లగాడు కూసోంగనే అది లేస్తది, అత్తోరింటి ముంగట దిగేటప్పుడు కిందికి పడ్తది. పెండ్లినాడు పిల్లగాని ముంగట లేచి పడేది పెట్టుకుంటరా ఎవరన్న?"

పెంటమ్మ హారతి పళ్ళెం కిందికి దించింది.

"గందుకే తీపిచ్చిండు. ఇది చూడు. లేవదు, పడదు. పెట్టిన కాడ్నే ఉంటది. మీ కోడలు గట్ల ఉండాల్నా, లేచిపోవాల్నా?"

ఎవరో ముసలాయన "నిజమే" అన్నాడు. ఇంకో ఆవిడ "ఆ లేచేదాన్ని నేను మా చెల్లె బిడ్డ పెండ్లిల చూసిన, ఆ పిల్ల పండుగ దాటకముందే పుట్టింటికొచ్చింది," అన్నది. అంతే, ఆ మాట జనంలో ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. పెంటమ్మ ముందుకు వచ్చి పొట్టి ఏరియల్ మొదట్లో, సరిగ్గా రబ్బరు బిళ్ళ మీద, ఇంత పసుపు రాసి కుంకుమ పెట్టింది. వేళ్ళు కండ్లకద్దుకుంది. సత్తయ్య కూడా అద్దుకున్నాడు. ప్రభుదాసు అయితే బాకా తుడుచుకున్నాడు.

జోగులమ్మ తన ఎడమకాలి వైపు చూసుకుంది. ఆ కాలికి అలివేలు పాత చెప్పు ఉంది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంటే, పాపం బిడ్డను సాగనంపినట్టు ఏడుస్తోందని పెంటమ్మ ఆమె భుజం తట్టింది.

తిరుగుదారిలో, గద్వాల దగ్గరపడగా, నదీ అగ్రహారం మలుపులో భీమన్న ఉలిక్కిపడి, "కండ్లకద్దుకుంది," అన్నాడు.

"అద్దుకోనీ. నా కాలు మంచిది," అన్నది జోగులమ్మ.

తెల్లారేసరికి భీమన్న ఆమె వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఊరేగింపులో పొట్టిది చేతికందుతోందని పిల్లలు, పెద్దలు, ముత్తైదువలు అందరూ పసుపు రాసి, దారాలు కట్టి, దాన్ని ఊపి ఊపి వదిలారట. రబ్బరు బిళ్ళ చీలి ఏరియల్ ఆడుతోందట. ఇంకో సంగతి కూడా చెప్పాడు. పెండ్లి విందులోనే ఇంకో ఇద్దరు తమ ఇండ్లలో పెండ్లిళ్ళకు "నిలిచే కడ్డీ కారు" కావాలని అడిగిపోయారు.

"అయితే ఇంకేం, మౌలాలి దగ్గరికి పో. నా దగ్గరికెందుకొచ్చినవ్?" అన్నది జోగులమ్మ. దారం చుట్టే రాట్నం ఆపలేదు.

భీమన్న గడప పక్కన చూశాడు. అక్కడ జత పోయిన హవాయి చెప్పు గోడకు ఆనించి ఉంది. పారేయడానికి మనసొప్పక జోగులమ్మ దాచుకున్నది. అతను వీధి ఇటు చూసి, అటు చూసి, గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మా, ఆ రెండోది గూడ ఇయ్యి. మొన్నటిది ఎడమకాలుది. పెండ్లి బండి గద, కుడికాలుదైతే మంచిది."