ఒబ్దూలియా క్యాలెండరు, నా ప్రోగ్రాము

మా రేవు ఊరి ఆరోగ్య కేంద్రంలో, మేమంతా గౌరవంగా దోన్యా అని పిలిచే ఒబ్దూలియా ముప్ఫయ్యేళ్లుగా టీకాలు వేస్తోంది. పిల్లల పుట్టినరోజులు ఏ పుస్తకంలోనూ వెతకదు. పుట్టిన రోజున ఏ సెయింటు పండుగైతే ఆ పేరే పెట్టడం మాకు ఆనవాయితీ. మే ముప్ఫై ఒకటిన పుట్టిన నా కూతురు, నేనెంత మొత్తుకున్నా, పెత్రోనీలా అయింది. పేరు చెబితే చాలు, ఒబ్దూలియా తేదీ చెప్పేస్తుంది.

ఈ జూన్‌లో నది పొంగి టీకాల పడవ ఆలస్యమైంది. వచ్చినవి ఇరవై డోసులు, నిరుడు పుట్టిన పిల్లలు ముప్ఫై ఒక్కరు. వయసులో పెద్దవాళ్లకు ముందు, మిగతావాళ్లకు మళ్లీ పడవ వచ్చినప్పుడు. పక్క ఊళ్లో తట్టు మొదలైందని విన్నప్పటి నుంచి నేను రోజుకు నాలుగుసార్లు పాప ఒళ్లంతా దద్దుర్ల కోసం వెతుకుతున్నాను.

చేత్తో రాస్తే పొరపాట్లు వస్తాయని, హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే నేను ప్రోగ్రాము రాసి, జాబితా అచ్చు తీసి ఇచ్చాను. ఒబ్దూలియా కళ్లజోడు సర్దుకుంది.

"టీచరమ్మా, బార్బరా మొదటుందేంటి?"

"కంప్యూటర్ పెట్టిన వరస, దోన్యా. అది పొరబడదు."

"బార్బరా అంటే డిసెంబర్ నాలుగు. దానికింకా పళ్లే రాలేదు. దాని వెనక నా పేరు పెట్టుకున్న పిల్ల, సెప్టెంబర్ ఐదు. నీ మెషీన్‌కి డిసెంబర్ ముందొస్తుందా?"

"దాని లెక్క దానికుంటుంది లెండి."

"సరే, ఉండనీ. చివర్న ఎవరున్నారో చదవనా?"

"చదవండి."

"పెత్రోనీలా."

"తప్పు! ఎక్కడో తప్పుంది!" అని కాగితం లాక్కున్నాను.

బెంచీ మీదున్న బార్బరా అమ్మమ్మ పకపకా నవ్వింది. "విన్నారా! ఇందాకటిదాకా మెషీన్ పొరబడలేదట. టీచరమ్మ సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి పొరబడింది! పోనీలే, నా మనవరాలి వంతు ఎలాగూ పోయింది, నీ పిల్లనైనా ఇలా ఇయ్యి, ఎత్తుకుంటా."

పాపను ఆమెకిచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. నేను తేదీలను తేదీలుగా కాక ఉత్త మాటలుగా ఇచ్చాను. ముందు రోజు, తర్వాత నెల అని మేం రాసే పద్ధతిలోనే. యంత్రం వాటిని నిఘంటువులో పదాల్లా ఎడమ నుంచి ఒక్కో అంకె చూస్తూ పోయింది. నెల ఏదైనా నాలుగో తారీఖు ముందు, ముప్ఫై ఒకటో తారీఖు వెనక. వాటిని తేదీలుగా మార్చుకోమని ఒక్క లైను కలిపాను. పెత్రోనీలా పంతొమ్మిదో స్థానానికి వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ నడిపించాను. పంతొమ్మిదే. పుట్టినరోజులన్నీ ఒక్కొక్కటే వేళ్ల మీద సరిచూస్తున్నాను. పద్నాలుగో పేరు దగ్గర ఉండగా భుజం మీద చెయ్యి పడింది.

"అయిపోయిందమ్మా, పిల్లని తీసుకో."

"ఏమైపోయింది?"

"టీకా. గోడ మీది సెయింట్ల పండుగల క్యాలెండర్ వరసలో జనవరి నుంచి పేర్లు పిలుచుకుంటూ వచ్చా. పంతొమ్మిదోది మీ పాపే."

"నిజంగా వేశారా?"

"వెయ్యకపోతే అదెందుకు అలా గుక్కపట్టి ఏడుస్తోంది?" అంది ఒబ్దూలియా, ఇరవయ్యో బిడ్డ చొక్కా చెయ్యి పైకి మడుస్తూ. "కావాలంటే నీ మెషీన్‌నడుగు."