నా పేరు మీద ఆయన వేలు

బడిల టీకాలేసే రోజు గోడ దూకినోన్ని, మళ్ల ఆ గోడ లోపలికి పోలే. నా చదువు గంతే. సూది చూస్తే ఇప్పటికీ దూకెటందుకు గోడ వెతుకుత.

తెలంగాణ కోసం రైల్ రోకో చేసిన రోజు లింగంపల్లి స్టేషన్‌ల చిక్కుకున్న. షుగర్ ఉన్నట్టు తెల్వనోళ్ల కోసం అక్కడ ఉచిత పరీక్ష పెట్టిండ్రు. షుగర్ పరీక్ష చేయించుకున్న చీటీ తెస్తేనే హైటెక్ సిటీల క్యాబ్ నడిపే డ్యూటీ ఇస్తనని అన్నడు మా సూపర్‌వైజర్. పక్కన సెక్యూరిటీ యూనిఫాంల ఒకాయన సీసా మీద సీసా నీళ్లు తాగుతుండు.

"అన్నా, నా పేరు మీద జర నీ వేలియ్యవా?" అన్న.

"గింత మీసం పెట్టుకొని సూదికి భయమా తమ్మీ!" అని నవ్వి, పోయి వేలు చాపిండు.

నర్సమ్మ రక్తం తీసిందో లేదో, ఆగిన రైలు కదిలింది. ఆయన ఉరికి ఎక్కి, తలుపుకాడ నిలబడి, దూది పెట్టిన వేలు నాకు చూపించిండు.

నర్సమ్మ మిషిన్ చూసి నా పేరు పెట్టి కేకేసింది. "ఏడి ఆయన? ఇంత షుగర్‌తో ఎట్ల నిలబడ్డడు? ఇప్పుడే దవాఖానకు పోవాలె!"

ఆ తర్వాత ఎన్ని రోజులు ఆ ప్లాట్‌ఫాం మీద యూనిఫాం వేసుకున్నోళ్ల మొఖాలు చూసినా, ఆయన దొరకలే.

ఇంట్ల చెప్తే నా భార్య అన్నది: "నీ పేరైతే ఆయనకు ఇచ్చినవ్. ఆయన పేరేందో అడిగినవా?"