తాజుకో సెన్సే, తిరిగొచ్చిన గొడుగు

మియాకోషి తాజుకోగారి గురించి మా ఊళ్లో మంచీ చెడూ రెండూ వినిపిస్తాయి. ఆమె మాట పదును తట్టుకోలేక మా సలహా కేంద్రం వదిలిపోయిన యువ సలహాదారులు ఉన్నారు. అది నిజం, ఆమె కూడా కాదనరు. చావును గురించి ఆలోచిస్తున్న మనిషి ఎదుట కంగారుపడకుండా కూర్చోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నామనేవారూ ఉన్నారు, అదీ నిజమే. ఆ కేంద్రం నిర్వహణ సంఘంలో చాలాకాలంగా ఉన్నవాణ్ని గనుక, రెంటినీ తూచి చూసే అవకాశం నాకు దొరికింది. ఇక్కడ రాస్తున్నది ఒక మధ్యాహ్నం సంగతి. ఇందులో హమానో అని నేను పిలిచే మనిషి అసలు పేరు అది కాదు; రాయడానికి ఆయన ఒప్పుకున్నారు.

తాజుకోగారు మొదట ప్రభుత్వ ఆరోగ్య నర్సు. జపానులోని నోతో ద్వీపకల్పపు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి రక్తపోటు చూసిన మనిషి. ఉద్యోగ విరమణ తరువాత సలహాదారులకే పని నేర్పడం మొదలుపెట్టారు. అందరూ ఆమెను సెన్సే, అంటే గురువుగారు, అని పిలిచేవారు. వినేవాళ్ల చెయ్యి వణికితే చెప్పేవాళ్లు నోరు మూసుకుంటారన్నది ఆమె అనుభవం మీద ఏర్పరచుకున్న అభిప్రాయం.

మా ఊరు కనజావాలో చలికాలపు వాన ఎవరినీ అడిగి రాదు. భోజనం డబ్బా మరిచినా గొడుగు మరవకూడదని ఇక్కడి పిల్లలకు మాటలతో పాటే నేర్పుతారు. అరువు తెచ్చుకున్న గొడుగును ఆరబెట్టి, మడతలు సరిచేసి, ఒక మిఠాయి పెట్టె జతచేసి తిరిగి ఇవ్వడం ఇక్కడి మర్యాద. నవంబరులో ఆ రోజు హమానోగారు చేసింది సరిగ్గా అదే. నేత మిల్లు మూతపడేదాకా యంత్రాలు బాగుచేసిన మనిషి; ఒంటరిగా ఉంటారు. కొన్ని వారాలుగా నిషిదే హోనామి అనే మా యువ సలహాదారు దగ్గరికి మాట్లాడటానికి వస్తున్నారు. గొడుగు, మిఠాయి పెట్టె ఇచ్చి, లోతుగా వంగి నమస్కరించి, వెళ్లిపోయారు.

హోనామి ముఖం వెలిగిపోతూ మా గదిలోకి వచ్చింది.

"హమానోగారు కోలుకున్నారు, సెన్సే. ఎంత ప్రశాంతంగా ఉన్నారో. కింత్సుబా తెచ్చారు, తినండి."

సెన్సే మిఠాయిని ముట్టుకోలేదు.

"వచ్చే మంగళవారం వస్తానన్నాడా?"

"అవసరం లేదన్నారు. ఆ గంట ఇంకెవరికైనా ఇవ్వమన్నారు."

"కిందటిసారి ఏమైంది?"

హోనామి కాసేపు పెట్టె మూత సవరించింది. "అన్నింటితో విసిగిపోయానన్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అలాంటివేమీ మనసులోకి రానివ్వకండి అన్నాను. ఆయనే నాకు క్షమాపణ చెప్పారు."

"ఓహో. నువ్వు భయపడ్డావు, ఆయన నిన్ను ఓదార్చాడు. జీతం మాత్రం నీకే." సెన్సే గొడుగును చూశారు. "బాకీలన్నీ తీర్చేశాడు, ఇక వెళ్లిపోయేవాడిలా. గొడుగు, మర్యాద, నీ గంట కూడా."

ఇక్కడ నేను అడ్డుపడ్డాను. గొడుగు తిరిగి ఇవ్వడం ఈ ఊళ్లో అందరూ చేసే పనేనని, దాన్నిబట్టి ఇంత పెద్ద నిర్ణయానికి రావడం న్యాయం కాదని అన్నాను.

"నిజమే, గొడుగు సాక్ష్యం కాదు," అన్నారామె. "నేను నిర్ణయించడం లేదు. అడగమంటున్నాను. ఇప్పుడే."

హోనామి గొంతు తగ్గించింది. "అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?"

"కాదు. దానిమీద పరిశోధనలు జరిగాయి. సూటిగా అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవాడికి చెప్పుకునే దారి దొరుకుతుంది."

"మనం పొరపాటు పడితే? అవమానమనుకుంటే?"

"పడితే క్షమాపణ చెబుదాం. ఈసారి మిఠాయి మనం కొందాం."

"మీరే చెయ్యండి, సెన్సే. నాకు చేతకాదు."

"ఆయన గొడుగు తీసుకుంది నీ దగ్గర. నీ భయాన్ని ఆయన మోస్తున్నాడు పాపం. ముందది వెనక్కి తీసుకో. బరువైతే నాకివ్వు, నేను పక్కనే కూర్చుంటా."

హోనామి స్పీకరు పెట్టి ఫోను చేసింది; మొదటిసారి మోగి ఆగిపోయింది.  సెన్సే మళ్లీ చెయ్యమన్నట్టు తల ఊపారు. ఈసారి ఆయన ఎత్తారు. వెనక వాన చప్పుడు వినిపించింది.

"మిఠాయి బాగోలేదా అండి?"

"ఇంకా తినలేదు, హమానోగారూ. కిందటిసారి మీరు చెప్పబోయింది నేను విననివ్వలేదు. అందుకు క్షమించండి. ఇప్పుడు అడుగుతున్నాను. చనిపోవాలని అనుకుంటున్నారా?"

వాన తప్ప మరేమీ వినిపించలేదు. హోనామి ఆ ఖాళీని మాటలతో నింపలేదు. సెన్సే చెయ్యి ఆమె వీపు మీద ఉంది.

"అనుకుంటున్నానండి," అన్నారాయన చివరికి. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదనుకున్నాను. చిన్నపిల్లలాంటివారు."

"చెప్పినందుకు సంతోషం. నాకు భయమేస్తే చూసుకోవడానికి నా పక్కన ఒకావిడ ఉన్నారు. చాలా కోపిష్ఠి. మీరు నన్ను కాపాడక్కర్లేదు."

అవతల చిన్న నవ్వులాంటిది వినిపించింది, తరువాత ఏడుపు. హోనామి అడ్డుపడలేదు. చాలాసేపటికి, ఇప్పుడు కేంద్రానికి రాగలరా అని అడిగింది.

"ఎలా రమ్మంటారు? గొడుగు మీకిచ్చేశాను కదండీ."

ఆయన చేపల బజారు ముందర బస్టాపులో ఉన్నారు. కారు నేను నడిపాను. దారి పొడుగునా హోనామి ఫోను పెట్టెయ్యలేదు. ఆయన కారెక్కి, తడిసిన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నాకు కూడా క్షమాపణ చెప్పారు. నా పనేమీ చెడలేదని చెప్పాను. అంతకంటే తెలివైన మాట నాకు తోచలేదు.

ఆ తరువాత గదిలో జరిగింది గొప్ప ఉపన్యాసమేమీ కాదు. ఆలోచన ముదిరే ముందు ఏమవుతుంది, అప్పుడు ఎవరికి ఫోను చెయ్యాలి, ఇంట్లో ప్రమాదమైనది ఏదైనా ఉంటే ఎవరికి అప్పగించాలి అన్నవి హోనామీ హమానోగారూ కలిసి ఆయన మాటల్లోనే తేల్చుకున్నారు. ఇంకెప్పుడూ అలా అనుకోనని ఒట్టు వెయ్యమని ఎవరూ అడగలేదు. కబురందుకుని కొమాత్సు పట్టణం నుంచి ఆయన చెల్లెలు వచ్చింది. "చెప్పొచ్చు కదా అన్నయ్యా, దద్దమ్మా" అని తిట్టి, ఆయన చొక్కా చెయ్యి వదలలేదు. మర్నాడు డాక్టరు దగ్గరికి తానే తీసుకువెళ్తానన్నది.

వాళ్లు బయలుదేరేటప్పటికీ వాన ఆగలేదు. చెల్లెలి దగ్గర గొడుగు ఉంది. అయినా సెన్సే, ఆయన పొద్దున తిరిగిచ్చిన గొడుగునే మళ్లీ ఆయన చేతికిచ్చారు.

"ఇది ఊరికే ఇవ్వడం లేదు. తిరిగి తేవాలి. తొందరేమీ లేదు."

అప్పుడు ఆమె కింత్సుబా ఒకటి తీసి సగం తిని, తీపి ఎక్కువైందని సణిగారు. హోనామి నవ్వుతూనే ముక్కు చీదింది.

ఆ రోజు ఆయన, అలాంటి ఆలోచన లేదని కూడా అనగలిగేవారు. అడిగితే చాలు, అందరూ దక్కుతారని నేను చెప్పను. సెన్సే కూడా ఎన్నడూ చెప్పలేదు. ఆమె చెప్పేది ఇంతే: అడగనివాడికి ఏ జవాబూ రాదు.

హమానోగారికి మంచి వారాలూ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. మంగళవారాలు మాత్రం తప్పలేదు. వచ్చినప్పుడల్లా గొడుగు ఇంట్లో మరిచిపోయానంటారు. ఈ ఊళ్లో పుట్టినవాడు గొడుగు మరవడమా అని సెన్సే గసిరి, వచ్చే వారం తప్పక తెమ్మంటారు.