మస్తాన్ మామను చంపిన గుండు

పరీక్ష కోసం ఫిరంగి గుండ్లు పేల్చిన రోజున ఇంటికి వచ్చి ఎన్ని చెంబులు పోసుకున్నా నా జుట్టులోంచి కాలిన మందు వాసన పోదు. ఆ వాసనకు ఉదయగిరి కొండ కింద మా పల్లె, దీపావళి నాడు పొద్దు వాలకముందే గొర్రెలను తోలుకుని కొండవైపు వెళ్లిపోయే నాయన గుర్తుకొస్తారు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని బెల్లం బూరెలు వేస్తుంటే నూనె వాసన వీధి చివరిదాకా వచ్చేది, పిల్లలం సీమటపాకాయల జడలు విప్పి ఒక్కొక్కటీ అరుగు మీద ఎండబెట్టుకునేవాళ్లం. నాయన మాత్రం ఆ చప్పుళ్లన్నీ అయిపోయాక, మరునాడు ఎండ ఎక్కేవేళకు, పైపంచె నిండా సీతాఫలాలు మూటగట్టుకుని దిగివచ్చేవాడు.

ఆయన సైన్యంలో ఫిరంగి దగ్గర పనిచేశాడు. నాకు అయిదేళ్లప్పుడు, ఎడారిలో అభ్యాసం చేస్తుండగా గుండు గొట్టంలోనే పగిలింది. నాయన కుడిచేతి మూడు వేళ్లు, ఒక చెవి వినికిడి పోయాయి. పక్కన నిలబడి గుండ్లు నింపుతున్న మస్తాన్ మామ అక్కడికక్కడే చనిపోయాడు. ఆయనది అనుమసముద్రంపేట, ఇద్దరూ ఒకే రోజున సైన్యంలో చేరిన స్నేహితులు. విచారణకు వచ్చినవాళ్లు గుండు చెడ్డదని రాయలేదు, నింపిన మనిషి అజాగ్రత్త అని రాసి పోయారు. చచ్చినవాడు లేచి జవాబు చెప్పడు కదా.

ఏటా గంధం పండుగకు నాయన నన్ను వెంటబెట్టుకుని ఆత్మకూరు మీదుగా బస్సులో పేటకు వెళ్లేవాడు. సాంబ్రాణి పొగ, మల్లెల వాసన, మిఠాయి పాకం వాసన కలగలిసిన ఆ సందులో, దర్గాకు వెళ్లే దారి పక్కన, మస్తాన్ మామ వాళ్లమ్మ పూలు అమ్మేది. నేను అవ్వా అని పిలిచేదాన్ని. నాకు మరమరాల పొట్లం ఇచ్చి, నాయనకు మిగిలిన రెండు వేళ్లనూ పట్టుకుని కూర్చునేది. ఆమె ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

"నా బిడ్డదే తప్పని రాసినారు గదా. ఆ గుండు చేసినోడి పేరు తెలుసుకోని వచ్చి నాకు చెప్పు నాయనా," అనేది. "దినమ్మూ దువా చేస్తా ఉండాను. పేరు తెలిస్తే, పేరు పెట్టి వాడికి శిక్ష అడుగుతాను."

నాయన తలవంచుకునేవాడు. పేరు నాకు తెలియకపోయినా, ఆ పాపం పరదేశం వాళ్లదేనని నేను నిర్ణయించేసుకున్నాను. ఫిరంగిని బయటి దేశం నుంచి కొన్నారని ఊళ్లో పేపరు చదివే పెద్దలంతా చెప్పుకునేవాళ్లు మరి. వేసవి సెలవుల్లో కొండరాళ్ల మీద బొగ్గుతో టోపీ పెట్టుకున్న దొర బొమ్మ గీసి, గొర్రెల వెంట వెళ్లేవాళ్ల వడిసెల తీసుకుని, ముఖం చెదిరిపోయేదాకా రాళ్లు విసిరేదాన్ని.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఆత్మకూరులో పిల్లలకు ఉపన్యాస పోటీ పెట్టారు. ఆయుధాలు కొనుక్కోవాలా, మనమే చేసుకోవాలా అన్నది విషయం. కుళ్లిన గుండ్లు అమ్మి మా నాయన వేళ్లు తిన్నారని పరదేశం వాళ్లను నోటికొచ్చినట్లు దులిపేశాను. చప్పట్లు మోగాయి. మొదటి బహుమతిగా స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. వెనక వరసలో నిలబడిన నాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. దెబ్బతిన్న చెయ్యి వల్ల కాబోలు అనుకున్నాను.

బస్సు దిగి ఊరి దారి పట్టాక నాయన చెప్పాడు.

"ఫిరంగి వాళ్లదే పాపా. గుండు మనది. పెట్టె మీద అచ్చు నేను చదివినాను. మనోళ్లే చేసినారు, బాగుండాదని మనోళ్లే ముద్ర కొట్టినారు."

ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పినాను. వాళ్లు రాసుకోలా."

డబ్బాను దారి పక్క రాళ్లలోకి విసిరికొట్టాను. నాయన వెళ్లి దాన్ని ఏరుకొచ్చి, నొక్కుకుపోయిన మూతను మోకాలి మీద పెట్టి సరిచేసి, మళ్లీ నా చేతికే ఇచ్చాడు. ఆ రోజునుంచి నేను దొర బొమ్మలు గీయలేదు. ఏం చదివితే ఆ ముద్ర కొట్టే చోటికి చేరతానో మాస్టర్లను అడిగి, అదే చదివాను.

గుండ్లు పరీక్షించే ఉద్యోగంలో చేరాక పాత కాగితాలన్నీ వెతికాను. ఆ గుండు చేసినవాడి పేరు ఎక్కడా లేదు. ఆ ఒక్కడు దొరకలేదు కాబట్టి నా కసి అలాంటి వాళ్లందరి మీదికీ పాకింది. నిరుడు ఒక సరఫరాదారు పంపిన, గుండును పేల్చే ఫ్యూజులకు అన్ని పరీక్షలూ అయినట్లు కాగితాలున్నాయి. విప్పి చూస్తే ఒక్క పరీక్ష కూడా చేసిన జాడ లేదు. ఆయనే స్వయంగా వచ్చాడు. మనది మనం చేసుకుందామని దేశమంతా అంటుంటే, ఒక ఆడబిడ్డ అడ్డం పడితే ఎట్లమ్మా అని నవ్వుతూ అడిగాడు. నేను ఆయన ఎదుటే పెట్టెలన్నిటి మీదా పనికిరావని ఎర్రరంగు పూయించాను. ఆ నవ్వు మెల్లగా ఆరిపోవడం చూస్తూ నిలబడ్డాను. జాలి కలగలేదు. హాయిగా అనిపించింది. తర్వాత ఆయనకు ఆర్డర్లు ఆగిపోయాయి, పరీక్షలు చేయకుండానే సంతకం పెట్టినవాడి మీద కేసు పెట్టారు.

ఆ సంతకం పేరు గుర్తుపెట్టుకుని మొన్న పేటకు వెళ్లాను. నాయన పోయి రెండేళ్లయింది. అవ్వ అంతకుముందే పోయింది. ఆమె పూల కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, అందులో కూర్చున్న కుర్రాడికి ఆమె ఎవరో తెలియదు. అవ్వను ఖననం చేసిన ఖబరస్తాన్ గోడ బయట నిలబడి, ఇతను మస్తాన్ మామను చంపినవాడు కాదు, అలాంటి వాడేనని చెప్పి, ఆ పేరు పైకి పలికాను.

తిరుగుదారిలో ఆత్మకూరు బస్టాండు పక్క హోటల్లో టీ తాగుతుంటే టీవీలో అదే వాదన. కొనాలని ఒకాయన, చేసుకోవాలని ఒకాయన అరుచుకుంటున్నారు. నా పక్కనున్న పెద్దమనిషి మీరేమంటారమ్మా అని అడిగాడు.

"ఎవురు చేసినా సరే, బాగుండాదని సంతకం పెట్టినోడి పేరు పెట్టె మీద రాయమనండి," అన్నాను.

ఆయన అదేదో వేరే సంగతన్నట్లు మళ్లీ టీవీ వైపు తిరిగాడు. ఊరు చేరి చూస్తే కొండవాలున సీతాఫలం పొదలు పలచబడ్డాయి. గొర్రెలు పోయే బాట తారురోడ్డయింది. వడిసెల తిప్పడం తెలిసినవాళ్లు మా పల్లెలో ఒక్కరూ మిగల్లేదు. సోమవారం పరీక్షకు గుండ్ల లాటు ఇంకోటి వస్తుంది. దాని కాగితాల మీది పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివాను.