అచ్చు అతికిన వేళ్లు

బతుకుతెరువుకు వలస వచ్చిన ఊళ్లో, ఖటోదరాలోని మగ్గాల కార్ఖానాలో నాది అచ్చు అతికే పని. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, దాని ఒక్కో పోగునూ కొత్త పడుగు పోగుతో కలిపి మెలిపెట్టాలి. జారకుండా మధ్యమధ్యన వేళ్లు బూడిదలో అద్దుకోవాలి. వేల పోగులు. ఒక్కటి తప్పినా బట్ట పొడుగునా గీత పడుతుంది. నేను అతికితే తప్పేది కాదు. గొప్పలు చెప్పుకుంటున్నానంటే చెప్పుకుంటున్నాను, నా చేతులు, నా ఇష్టం.

ఇప్పుడా పని మెషీన్ చేస్తోంది. "బెన్, ఆప్ సిర్ఫ్ దేఖో," అన్నాడు సేఠ్, ఏదో ఉపకారం చేసినట్టు. ఊరికే చూస్తూ నిలబడటానికి నేనేమైనా చేనులో దిష్టిబొమ్మనా?

అయినా నిలబడ్డాను. పోగు పోగుకూ మెషీన్ టక్కుమంటుంది. వెనక్కి కట్టుకున్న నా చేతుల్లో వేళ్లు కూడా ఆ టక్కుకు సరిగ్గా మెలి తిరుగుతున్నాయని కొన్నాళ్లకు తెలిసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కదా అని నవ్వుకున్నాను. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మెషీన్ ఆగింది, మగ్గాలన్నీ ఆగాయి. ఆ షెడ్డులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నా వేళ్లు మాత్రం ఆగలేదు. పిడికిలి బిగిస్తే లోపలే మెదులుతున్నాయి. ఆగితే కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాను.

ఆదివారం నా బిడ్డ నన్ను డుమస్ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లింది. అది రింగ్ రోడ్‌లో చీరల దుకాణంలో పనిచేస్తుంది. "జర గాలి తాకితే మంచిగయితది మమ్మీ," అంది. నల్ల ఇసుకలో ఒకరికొకరం ఆనుకుని కూర్చుని టమాటా భజియాలు తిన్నాం. దాని దుకాణం కబుర్లు వింటూ చేతుల సంగతే మరిచిపోయాను.

పొద్దు వాలుతుంటే "చలో" అంటూ అది లేచింది. నా కొంగు దానితోపాటే లేచింది.

చూస్తే, నా కొంగు అంచు దారాలు దాని చున్నీ అంచు దారాలతో అతికి ఉన్నాయి. వరసగా, ఒక్కటీ తప్పకుండా. నా వేలికొసలకు నల్ల ఇసుక, బూడిద అద్దుకున్నట్టే.

"ఏంది మమ్మీ గిది? ఎప్పుడు చేసినవ్?"

"నేను చెయ్యలే బిడ్డా."

ఒట్టు, నేను చెయ్యలేదు.

అది విప్పబోయింది. నా అతుకు విడుతుందా? పళ్లతో కొరకబోయింది. "తెంపకు!" అని అరిచాను. భజియాల బండి దగ్గర జనం తిరిగి చూశారు. బిడ్డ నా ముఖంకేసి చూసి చున్నీ వదిలేసింది.

అలా అతుక్కునే రోడ్డుదాకా నడిచాం. అక్కడి వెలుతురులో చూసుకుంటే నా వేళ్లు ఆగిపోయి ఉన్నాయి. ఆగితే చాలని మొక్కుకున్నదాన్ని, అక్కడే నిలబడి ఏడ్చాను.